ఫుట్‌బాల్ ప్రపంచకప్ 2026: బంతిలో చిప్, ఆఫ్‌సైడ్ గీత, వీఏఆర్ (వీడియో రిఫరీ) కొత్త అధికారాలు

#1 | డాలస్_డగౌట్

జూన్ 11న మెక్సికో సిటీ అజ్టెకా స్టేడియంలో మెక్సికో, దక్షిణాఫ్రికా మ్యాచ్‌తో టోర్నీ మొదలు. 2010లో జోహన్నెస్‌బర్గ్‌లో తొలి మ్యాచ్ ఆడినవీ ఈ రెండు జట్లే, తేదీ కూడా జూన్ 11. ఈసారి 48 జట్లు, 104 మ్యాచ్‌లు, మూడు దేశాల్లో 16 నగరాలు. ఫైనల్ జూలై 19న న్యూజెర్సీ మెట్‌లైఫ్‌లో. కేప్ వెర్డె, జోర్డాన్, ఉజ్బెకిస్తాన్, కురసావో మొదటిసారి ఆడుతున్నాయి. మా డాలస్ వైపు ఆర్లింగ్టన్‌కు 9 మ్యాచ్‌లు దక్కాయి. ఏ స్టేడియానికీ ఇన్ని లేవు. జూలై 14 సెమీఫైనల్ కూడా ఇక్కడే.

ఏ జట్టు గెలుస్తుందన్నది వేరే థ్రెడ్‌లో నడుస్తోంది కాబట్టి ఇక్కడ రిఫరీల సంగతే మాట్లాడుకుందాం. ఆఫ్‌సైడ్ (సహచరుడు బంతి తన్నిన క్షణంలో, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కంటే గోల్‌కు దగ్గరగా ఉండటం) దగ్గర నాకు యంత్రం మీద పూర్తి నమ్మకం ఉంది. హ్యాండ్‌బాల్ దగ్గర మాత్రం అదే యంత్రం గొడవను పెంచుతుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

#2 | బెజవాడ_వాలీ

చర్చకు ముందు టైమింగ్స్ పెడుతున్నా, చాలామంది అడుగుతున్నారు. న్యూయార్క్ టైముకు 9 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైము. అక్కడ మధ్యాహ్నం 12 అంటే ఇక్కడ రాత్రి 9:30. అక్కడ 3 అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటాక 12:30. సాయంత్రం 6 అంటే తెల్లవారుజామున 3:30, రాత్రి 9 అంటే ఉదయం 6:30. డాలస్, హ్యూస్టన్ టైముకైతే పదిన్నర గంటలు, సియాటెల్, లాస్ ఏంజెలెస్‌కు పన్నెండున్నర గంటలు కలపాలి. మెక్సికోలో ఇప్పుడు వేసవి గడియారం మార్పు లేదు, అందుకని మెక్సికో సిటీకి పదకొండున్నర. తొలి మ్యాచ్, ఫైనల్ రెండూ మనకు 12:30కే, అంటే క్యాలెండర్‌లో జూన్ 12, జూలై 20. తేదీ దగ్గరే అందరూ పొరబడేది.

#3 | గోదారి_గోల్‌కీపర్

డాలస్ గారూ, "యంత్రం మీద నమ్మకం" అనే ముందు అది చేసే పనేమిటో విడదీసి చూద్దాం. సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్‌లో రెండు వేర్వేరు కొలతలు కలుస్తాయి.

ఒకటి, బంతిని తన్నిన క్షణం. బంతిలోని మోషన్ సెన్సార్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపుతుంది. 2022 అల్ రిహ్లా బంతిలో సెన్సార్‌ను సరిగ్గా మధ్యలో వేలాడదీశారు. ఈసారి బంతి ట్రయోండాలో బయటి ప్యానెళ్లు నాలుగే. చిప్ ఒక ప్యానెల్ లోపలి పొరలో ఉంటుంది. బంతి ఒకవైపు లాగకుండా మిగతా మూడు ప్యానెళ్లలో సమతూకపు బరువులు పెట్టారు. నిబంధన ప్రకారం బంతి మొత్తం 410 నుంచి 450 గ్రాముల మధ్యే ఉండాలి.

రెండు, ఆటగాళ్ల శరీరం. 2022లో స్టేడియం కప్పు కింద 12 ప్రత్యేక కెమెరాలు ఉండేవి. ఒక్కో ఆటగాడి మీద 29 బిందువుల దాకా (మోకాలు, చీలమండ, భుజం, కాలివేలు వగైరా) సెకనుకు 50 సార్లు గుర్తించేవి.

ఈ రెండూ కలిపి సాఫ్ట్‌వేర్ గీత గీసి వీడియో గదికి హెచ్చరిక పంపుతుంది. అక్కడి అధికారి తన్నిన క్షణం సరిగ్గా ఎంచిందా, గీత సరైన డిఫెండర్ మీద పడిందా అని కళ్లతో చూసి, ఆ తర్వాతే మైదానంలోని రిఫరీకి చెబుతాడు. "సెమీ" అన్నది అందుకే. అంతకుముందు సగటున 70 సెకన్లు పట్టే చెక్ 25 సెకన్లకు తగ్గిందని 2022కి ముందు ఫిఫా చెప్పింది.

#4 | విశాఖ_వింగర్

సెన్సార్ ఎందుకు అంత ముఖ్యమో లెక్క చెబుతాను. స్ట్రైకర్ సెకనుకు 9 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాడు అనుకుందాం. టీవీ వీడియోలో సెకనుకు 50 ఫ్రేములైతే రెండు ఫ్రేముల మధ్య 0.02 సెకను. అంతలో అతను 18 సెంటీమీటర్లు కదులుతాడు. డిఫెండర్ అదే వేగంతో ఎదురుదిశలో వస్తుంటే ఇద్దరి మధ్య తేడా 36 సెంటీమీటర్లు మారిపోతుంది. అంటే పాత వీఏఆర్‌లో "ఏ ఫ్రేము దగ్గర ఆపాలి" అన్న నిర్ణయమే ఫలితాన్ని తేల్చేది. గీత ఎంత సన్నగా గీసినా లాభం లేదు. 500 సార్లు కొలిచే సెన్సార్‌తో ఆ ఖాళీ 0.002 సెకను, అంటే 1.8 సెంటీమీటర్లు.

అయితే శరీర బిందువులు సెకనుకు 50 సార్లే కదా. మధ్యలో పాదం ఎక్కడుందో రెండు కొలతల నుంచి లెక్కగట్టాలి. పరుగులో మొండెం ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి అక్కడ లెక్క బాగా కుదురుతుంది. పాదం, మోకాలు అలా కాదు, అడుగడుగునా వేగం మారుస్తాయి. బూటు కొన దగ్గర తేలే నిర్ణయాల మీద నాకు అనుమానం అందుకే.

#5 | కర్నూలు_కార్నర్

ఇక్కడే నాది ఒకే డిమాండ్: మిల్లీమీటర్ ఆఫ్‌సైడ్ ఇవ్వొద్దు. యూరో 2024లో డార్ట్‌మండ్‌లో జర్మనీతో మ్యాచ్, డెన్మార్క్ తరఫున ఆండర్సన్ గోల్ కొట్టాడు. సహచరుడు డెలానీ బూటు కొన ముందుందని కొట్టేశారు. కాసేపటికే జర్మనీ ఆటగాడు రౌమ్ క్రాస్ అదే ఆండర్సన్ చేతికి తగిలిందని సెన్సార్ గ్రాఫ్ చూపించి పెనాల్టీ ఇచ్చారు. హావెర్ట్జ్ గోల్. 1-0తో ముందుండాల్సిన జట్టు నిమిషాల్లో 0-1 వెనకబడింది. కొలిచే పరికరానికి తన పొరపాటు హద్దు ఎంతో తెలిసినప్పుడు ఆ హద్దులోపలి దాన్ని ఆఫ్‌సైడ్ అనడం ఏం న్యాయం? ప్రీమియర్ లీగ్‌లో 5 సెంటీమీటర్ల వెసులుబాటు ఉంది, ఆ లోపు తేడా ఉంటే దాడి చేసే జట్టుకే వదిలేస్తారు. ఫిఫా, యుయెఫా (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) టోర్నీల్లో అది లేదు.

#6 | పంతొమ్మిదో_నిమిషం

క్రికెట్‌లో అంపైర్స్ కాల్ లాంటిదే కదా మీరు అడిగేది? బంతి సగం కంటే తక్కువ వికెట్‌కు తగులుతుంటే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. మన తెలుగువాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు.

#7 | విశాఖ_వింగర్

ఆ పోలిక సగమే సరిపోతుంది. అంపైర్స్ కాల్‌లో మైదానంలోని మనిషి ముందే ఒక నిర్ణయం ఇచ్చి ఉంటాడు, అది నిలుస్తుంది. ఫుట్‌బాల్‌లో లైన్స్‌మన్‌కు సందేహం ఉంటే జెండా ఎత్తకుండా ఆగమనే ఇన్నాళ్లూ చెబుతున్నారు. అందువల్ల "మైదానంలో ఇచ్చిన నిర్ణయం" చాలాసార్లు నిజమైన నిర్ణయమే కాదు. 5 సెంటీమీటర్లు అనే స్థిర హద్దు అయితే లైన్స్‌మన్ ఏమన్నా ఒకటే.

ఇంకో ఇబ్బంది చూడండి కర్నూలు గారూ. హద్దు పెట్టినా అంచు పోదు, జరుగుతుందంతే. 5.1 సెంటీమీటర్లతో గోల్ పోయిన రోజు ఇదే వాదన మళ్లీ వస్తుంది.

#8 | కర్నూలు_కార్నర్

వస్తుంది, ఒప్పుకుంటా. కానీ అప్పుడు "ముందున్నాడు" అని ధైర్యంగా చెప్పొచ్చు, ఎందుకంటే 5.1 అంటే పరికరం పొరపాటు హద్దుకు అవతల. ఇప్పుడు ముందున్నాడో లేదో తెలియకుండానే ఆఫ్‌సైడ్ అంటున్నాం. నాకు కావాల్సింది అంచు పోవడం కాదు, అంచు దగ్గర నిజం చెప్పడం. హద్దు ఎంతో ఫిఫా ముందే ప్రకటిస్తే చాలు.

#9 | గచ్చిబౌలి_స్టాండ్స్

అందరూ గీత గురించే మాట్లాడుతున్నరు గానీ, అసలు పరికరం చేతులెత్తేసిన సందర్భాలు కూడా చూడాలె. 2025 మార్చి 1, ఎఫ్ఏ కప్, బోర్న్‌మత్–వోల్వ్స్. కెర్కెజ్ గోల్ మీద చెక్ దాదాపు 8 నిమిషాలు నడిచింది. పెనాల్టీ ప్రాంతంల అంతమంది ఒక్కచోట గుమిగూడితే కెమెరాలకు ఎవరి కాలు ఎవరిదో తేలలే. చివరికి పాత పద్ధతిలనే గీతలు గీసిన్రు. కార్నర్లు, ఫ్రీకిక్‌ల దగ్గరనే గోల్స్ ఎక్కువ వచ్చే ఈ కాలంల ఇది చిన్న విషయం కాదు.

గోల్‌లైన్ టెక్నాలజీ కూడా ఒకసారి గట్లనే దెబ్బతిన్నది. 2020 జూన్ 17, ఆస్టన్ విల్లా–షెఫీల్డ్ యునైటెడ్. గోల్‌కీపర్ నైలాండ్ బంతి పట్టుకుని గీత దాటి లోపలికి పోయిండు. గోల్ దగ్గర ఉన్న 7 కెమెరాలకూ గోల్‌కీపర్, డిఫెండర్, పోస్టు అడ్డం వచ్చినయి. రిఫరీ వాచీ మోగలే. మ్యాచ్ 0-0. హాక్-ఐ కంపెనీ తర్వాత క్షమాపణ చెప్పింది. అప్పుడు వీఏఆర్ గది కూడా చూసి ఆపలే, ఎందుకంటే వాచీ తప్పు చెప్పదని అందరి నమ్మకం. నాకు భయం యంత్రం తప్పు చేస్తదని కాదు, తప్పు చేసినప్పుడు పక్కనున్న మనిషి కూడా చూసుడు మానేస్తడని.

#10 | గోదారి_గోల్‌కీపర్

చివరి వాక్యం ముమ్మాటికీ నిజం. అయినా గోల్‌లైన్ టెక్నాలజీని తక్కువ చేయలేం. 2010 జూన్ 27న బ్లూమ్‌ఫోంటైన్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీతకు చాలా లోపల పడింది, రిఫరీలకు కనబడలేదు. రెండేళ్లకు నిబంధనల్లోకి టెక్నాలజీ వచ్చింది. 2014లో బ్రెజిల్‌లో గోల్‌కంట్రోల్ వ్యవస్థ, ఒక్కో గోల్‌కు 7 చొప్పున 14 కెమెరాలు, ఒక్క సెకను లోపే రిఫరీ వాచీకి సంకేతం. ఆ ఏడు జూన్ 15న పోర్టో అలెగ్రేలో ఫ్రాన్స్–హోండురస్ మ్యాచ్‌లో గోల్‌కీపర్ వయాదారెస్ చేతుల్లోంచి జారిన బంతి లోపలికెళ్లిందని అదే తేల్చింది. ప్రపంచకప్‌లో దాని తొలి తీర్పు అది.

బంతి గీత దాటిందా అన్నది కంటితో తేల్చలేమని 2022 డిసెంబర్ 1న జపాన్–స్పెయిన్ మ్యాచ్ మళ్లీ చూపింది. జపాన్ ఆటగాడు మితోమా గోల్ పక్కనున్న గీత మీంచి లోపలికి లాగిన బంతి టీవీలో పూర్తిగా బయటే ఉన్నట్టు కనిపించింది. నిబంధన ప్రకారం బంతి నేలను తాకిన చోటు లెక్కలోకి రాదు. బంతి మొత్తం, అంటే దాని ఉబ్బెత్తు అంచుతో సహా, గీత మొత్తాన్ని దాటాలి. పైనుంచి చూస్తే ఆ అంచు రెండు మిల్లీమీటర్ల లోపు గీత మీదే ఉంది. పక్కనుంచి తీసిన ఫొటోతో వాదించేవాళ్లు ఈ ఒక్క సంగతి మరిచిపోతారు.

#11 | డాలస్_డగౌట్

ఇక హ్యాండ్‌బాల్. బంతి చేతికి తగిలిందా అంటే సెన్సార్ చెబుతుంది. తగలడం తప్పా అంటే చెప్పలేదు. నిబంధన 12 ప్రకారం తప్పు అయ్యేది మూడు సందర్భాల్లో: కావాలని చేత్తో ఆడితే, చేయి శరీరాన్ని అసహజంగా పెద్దది చేస్తే, లేదా ఆటగాడి చేతికి పొరపాటున తగిలినా వెంటనే అతనే గోల్ కొడితే. రెండోదాంట్లో "అసహజం" అన్నది ఆ ఆటగాడు ఆ క్షణంలో చేస్తున్న కదలికకు ఆ చేయి అలా ఉండటం న్యాయమా అని రిఫరీ తేల్చుకోవాల్సిన మాట.

టీవీలో హార్ట్‌బీట్ లాంటి ఆ గ్రాఫ్ చూపించగానే స్టేడియం మొత్తం "తప్పు రుజువైంది" అనుకుంటుంది. రుజువైంది స్పర్శ మాత్రమే. యూరో 2024లో స్లొవేకియా మీద బెల్జియం ఆటగాడు లుకాకు గోల్ పోయింది కూడా గ్రాఫ్ వల్లే, సహచరుడు ఓపెండా చేతికి బంతి తగిలిందని. అదే టోర్నీ క్వార్టర్‌ఫైనల్లో జర్మనీ షాట్ స్పెయిన్ డిఫెండర్ కుకురెయా చేతికి తగలడం ప్రపంచమంతా చూసింది, పెనాల్టీ ఇవ్వలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన అభిమానికి ఏం అర్థమవుతుంది?

#12 | బెజవాడ_వాలీ

సెన్సార్ ఉపయోగపడిన కేసు కూడా ఒకటి చెప్పండి, ఏకపక్షం అవుతోంది. 2022లో పోర్చుగల్–ఉరుగ్వే మ్యాచ్‌లో బ్రూనో ఫెర్నాండెస్ క్రాస్ నేరుగా లోపలికెళ్లింది. రొనాల్డో తన తలకు తగిలిందన్నట్టు సంబరం చేసుకున్నాడు. బంతిలోని సెన్సార్‌లో ఆ చోట ఏ కదలికా లేదు. గోల్ బ్రూనోదే అని తేలిపోయింది.

ఇదే లెక్క పెనాల్టీల దగ్గర పెద్దదవుతుంది. 2025 మార్చిలో మాడ్రిడ్ జట్ల ఛాంపియన్స్ లీగ్ షూటౌట్‌లో అల్వారెజ్ జారి పడుతూ తన్నిన బంతి అతని రెండో కాలికీ తగిలిందని గోల్ కొట్టేశారు. ఆ తర్వాత జూన్‌లో ఫుట్‌బాల్ నిబంధనలు రాసే ఐఎఫ్ఏబీ స్పష్టత ఇచ్చింది: పొరపాటున రెండుసార్లు తగిలి గోలైతే, పెనాల్టీ మళ్లీ తన్నాలి. షూటౌట్‌లో అలా తగిలి గోల్ కాకపోతే మిస్ అయినట్టే. నాకౌట్‌లో షూటౌట్లు ఖాయం, ఈ నిబంధన గుర్తుంచుకోండి.

#13 | పంతొమ్మిదో_నిమిషం

వీఏఆర్ దేనిలో జోక్యం చేసుకుంటుందో ఒకసారి పూర్తిగా చెప్పగలరా? కార్నర్లు కూడా చూస్తారని వింటున్నాను.

#14 | గోదారి_గోల్‌కీపర్

2018 నుంచి ఉన్నవి నాలుగు: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చిన రెడ్ కార్డు, కార్డు వేరే ఆటగాడికి చూపించడం. వీటిలోనూ "స్పష్టమైన, కళ్లకు కట్టే తప్పు" అయితేనే, లేదా రిఫరీ అసలు చూడని పెద్ద సంఘటన అయితేనే. ఆఫ్‌సైడ్ స్థానం, తప్పు పెనాల్టీ ప్రాంతం లోపలా బయటా లాంటి కొలతల విషయాలు గదిలోంచే చెప్పేస్తారు. ఫౌల్ తీవ్రత, హ్యాండ్‌బాల్ లాంటివైతే రిఫరీ గీత పక్కనున్న స్క్రీన్ దగ్గరికి వెళ్లాలి.

ఈ ఏడాది ఐఎఫ్ఏబీ చేర్చినవి: తప్పుగా ఇచ్చిన రెండో ఎల్లో కార్డు వల్ల వచ్చిన రెడ్‌ను సరిదిద్దడం, తప్పు జట్టు ఆటగాడికి ఇచ్చిన కార్డును సరిచేయడం. కార్నర్ మాత్రం టోర్నీ నిర్వాహకుల ఇష్టానికి వదిలారు. అదీ కళ్లకు కట్టే తప్పయి, కార్నర్ తన్నడం ఆలస్యం కాకుండా వెంటనే చెప్పగలిగితేనే.

స్క్రీన్ దగ్గర ఒక పద్ధతి ఉంది, చాలామంది గమనించరు. స్లో మోషన్‌ను ఎక్కడ తగిలింది, బంతి బయటికెళ్లిందా లాంటి వాస్తవాలకే వాడాలి. ఎంత గట్టిగా తగిలింది, హ్యాండ్‌బాల్ తప్పా కాదా అన్నవి మామూలు వేగంలోనే చూడాలి. స్లో మోషన్‌లో ప్రతి టాకిల్ హత్యాయత్నంలా, ప్రతి చేయి కావాలని చాపినట్టు కనబడుతుంది. ప్రసారంలో మనకు పదిసార్లు స్లోగా చూపిస్తారు, రిఫరీకి చూపించేది అదే అనుకుంటాం.

#15 | కర్నూలు_కార్నర్

రెండో ఎల్లో సంగతిలో ఒక లోపం ఉంది. తప్పుగా ఇచ్చిన రెండో ఎల్లోను తీసేస్తారు. ఇవ్వాల్సి ఉండి ఇవ్వని రెండో ఎల్లోను మాత్రం ఇప్పించరు. మొదటి ఎల్లో తప్పయినా ముట్టుకోరు. దీనివల్ల సాయం ఒక్కవైపుకే అందుతుంది.

అది గ్రూప్ దశలో మామూలు విషయం కాదు. 12 గ్రూపుల్లో మొదటి రెండు జట్లతోపాటు మూడో స్థానాల్లో మెరుగైన 8 జట్లు 32 జట్ల నాకౌట్‌కు వెళ్తాయి. మూడో స్థానం జట్లను పోల్చేది పాయింట్లు, గోల్ తేడా, కొట్టిన గోల్స్, ఆ తర్వాత కార్డుల లెక్క. ఎల్లోకు మైనస్ 1, రెండు ఎల్లోల రెడ్‌కు మైనస్ 3, నేరుగా రెడ్‌కు మైనస్ 4, ఎల్లో ఉన్న ఆటగాడికి నేరుగా రెడ్ పడితే మైనస్ 5. 2018లో జపాన్, సెనెగల్ అన్నింట్లో సమానమైనప్పుడు జపాన్‌కు 4 ఎల్లోలు, సెనెగల్‌కు 6 ఉన్నాయని సెనెగల్ ఇంటికెళ్లింది. ఎనిమిదో స్థానం కోసం ఈసారి కార్డులు లెక్కపెట్టే రోజు వస్తుంది.

#16 | విశాఖ_వింగర్

కార్నర్ చూడటాన్ని నేను సమర్థిస్తాను. తప్పు కార్నర్ నుంచి గోల్ వస్తే ఇప్పటిదాకా గోల్‌ను పరిశీలించేవారు, ఆ కార్నర్ మాత్రం ముట్టుకోరానిది. ఆ అన్యాయం పోవాలి. జట్లు కార్నర్ తన్నడానికి మనుషుల్ని సర్దుకునేసరికే 20, 30 సెకన్లు పోతాయి, ఆ లోపు చెప్పేయొచ్చు.

#17 | గచ్చిబౌలి_స్టాండ్స్

నేను ఒప్పుకోను. మ్యాచ్‌కు పది దాకా కార్నర్లు ఉంటయి. గదిల ఉన్న మనిషి పదిసార్లు తొందరపడి చూస్తడు. తొందరలో మాట తప్పితే ఏమైతదో 2023 సెప్టెంబర్ 30న చూసినం. టోటెన్‌హామ్–లివర్‌పూల్, లూయిస్ డియాజ్ గోల్. మైదానంల ఆఫ్‌సైడ్ జెండా లేచింది. గదిలో గీతలు సరిగ్గానే గీసిన్రు, ఆన్‌సైడ్ అని కూడా తేలింది. కానీ మైదానంల గోల్ ఇచ్చిన్రనుకొని "చెక్ కంప్లీట్" అన్నరు. ఆట మొదలైపోయింది. ఒకసారి ఆట తిరిగి మొదలైతే వెనక్కి పోవుటానికి నిబంధన ఒప్పదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. ఆ రోజు టెక్నాలజీ నూటికి నూరు కరెక్ట్. పోయింది రెండు మాటల దగ్గర. పని పెంచినకొద్దీ గసుంటివి పెరుగుతయి.

#18 | గోదారి_గోల్‌కీపర్

మాటల పద్ధతి గురించి మీరు చెప్పింది చాలా ముఖ్యం. మైదానంలో ఇచ్చిన నిర్ణయమేమిటో ముందు చెప్పి, తుది ఫలితమేమిటో పలికి, అవతలివాడు తిరిగి చెప్పాకే ముగించాలి. విమానం పైలట్లు, కంట్రోల్ టవర్ మాట్లాడుకునే తీరు అది. ఈసారి వీడియో రిఫరీలు కూర్చునేది డాలస్‌లోని ప్రసార కేంద్రంలో. 2018లో మాస్కో, 2022లో దోహాలాగా వీడియో రిఫరీలంతా ఒకేచోట కూర్చోవడం వల్ల ఒక లాభం ఉంది: ఒకే బృందాలు, ఒకే పదాలు, రోజూ అదే సాధన.

ఇంకో మంచి మార్పు, స్క్రీన్ చూసొచ్చాక రిఫరీ మైకులో నిర్ణయాన్ని స్టేడియానికి చెప్పడం. 2023 మహిళల ప్రపంచకప్‌లో ఇది బాగా అలవాటైంది.

#19 | విశాఖ_వింగర్

లైన్స్‌మన్ జెండా ఆలస్యం గురించి ఎవరూ ఎత్తలేదు. 2025 మే 11న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడు అవోనియి పోస్టును ఢీకొని పొత్తికడుపు ఆపరేషన్ దాకా వెళ్లాడు. ఆ దాడి మొదట్లోనే ఆఫ్‌సైడ్ ఉంది, జెండా ఎత్తలేదు, ఆట సాగింది. 2025 క్లబ్ ప్రపంచకప్‌లో దీనికి మందు వాడారు: ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్న ఆటగాడు బంతిని తాకగానే గది తనిఖీ కోసం ఆగకుండా నేరుగా మైదానంలోని అధికారుల చెవిలో హెచ్చరిక మోగుతుంది. ఇది గోల్స్ లెక్క కోసం కాదు, ఆటగాళ్ల ఒంటికి మంచిది. నా దృష్టిలో ఈ మొత్తం సాంకేతికతలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

కానీ ఇది పనిచేసేది బంతిని తాకిన ఆటగాడి విషయంలోనే. తాకకుండా గోల్‌కీపర్ చూపుకు అడ్డం నిలబడ్డాడా, డిఫెండర్ కావాలని ఆడిన బంతా అన్నవి మనిషే తేల్చాలి. 2021 నేషన్స్ లీగ్ ఫైనల్లో ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్న ఎంబాపె గోల్‌ను, డిఫెండర్ ఎరిక్ గార్సియా బంతిని కావాలని ఆడాడని లెక్కించి అనుమతించారు. సాగిలపడి అందుకోబోయిన డిఫెండర్‌దే తప్పన్నట్టు అయింది. మరుసటేడు "కావాలని ఆడటం" అంటే ఏమిటో ఐఎఫ్ఏబీ మళ్లీ వివరించాల్సి వచ్చింది.

#20 | పంతొమ్మిదో_నిమిషం

ఇదంతా డబ్బున్న టోర్నీలకే. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో వీఏఆర్ లేకుండానే ఏళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియాడ్ స్వర్ణం తెచ్చిన కోచ్ రహీమ్ సాబ్ మన హైదరాబాద్ మనిషి, ఆటగాడు బలరాం మన సికింద్రాబాద్ మనిషి. అలాంటి చోట మైదానంలో తప్పు జరిగితే సరిదిద్దే దారేది?

#21 | గోదారి_గోల్‌కీపర్

ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అని ఫిఫా ఒక చవక పద్ధతి పరీక్షిస్తోంది. 2024 అండర్-20, అండర్-17 మహిళల ప్రపంచకప్‌లలో, 2025లో చిలీ అండర్-20 ప్రపంచకప్‌లో వాడారు. వేరే వీడియో రిఫరీలు ఉండరు. కోచ్‌కు మ్యాచ్‌కు రెండు అవకాశాలు, ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్తే ఇంకొకటి. వేలు గాల్లో తిప్పి, కార్డు నాలుగో రిఫరీకి ఇస్తాడు. రిఫరీయే వెళ్లి స్క్రీన్ చూస్తాడు. నిర్ణయం మారితే అవకాశం పోదు. డీఆర్‌ఎస్ చూసినవాళ్లకు వెంటనే అర్థమయ్యే పద్ధతి. గోల్ పడినప్పుడు మాత్రం కోచ్ అడగకపోయినా నాలుగో రిఫరీ చూస్తాడు.

చిక్కల్లా కెమెరాలతోనే. 2022లో వీఏఆర్‌కు 42 ప్రసార కెమెరాలు అందాయి. నాలుగైదు కెమెరాలుంటే పెనాల్టీ ప్రాంతంలో లాగడం తేలుతుంది గానీ ఆఫ్‌సైడ్ గీతకు సరితూగే కోణం దొరకదు. అందుకని మన లీగులకు దీన్ని తెస్తే ఆఫ్‌సైడ్ మీద ఆశలు పెట్టుకోకుండా, ఫౌళ్లు, రెడ్ కార్డుల కోసమే అడిగితే అవకాశం వృథా కాదు.

#22 | డాలస్_డగౌట్

ప్రసారంలో ఈసారి ఒక తేడా కనబడుతుంది. ఆటగాళ్లందరినీ ముందే స్కాన్ చేసి 3డీ రూపాలు తయారుచేస్తామని ఫిఫా, లెనోవో జనవరిలో చెప్పాయి. స్కాన్‌కు ఒక్కొక్కరికి సెకను చాలట. 2022లో అందరికీ ఒకే బొమ్మ ఆకారం, ఇప్పుడు ఎవరి కొలతలు వారివి. ఆఫ్‌సైడ్ యానిమేషన్ వచ్చినప్పుడు భుజం దగ్గర చూడండి. చంక అడుగు అంచుకు పైన ఉన్న భాగమే లెక్కలోకి వస్తుంది, దాని కింద చేయి ఎంత ముందున్నా ఆఫ్‌సైడ్ కాదు. తన్నిన క్షణం అంటే కాలు బంతిని మొదట తాకిన క్షణం. గోల్‌కీపర్ చేత్తో విసిరితే మాత్రం చేయి వదిలిన క్షణం.

ఇంకా రెండు గుర్తుంచుకోండి. గోల్‌కీపర్ బంతి 8 సెకన్లకు మించి పట్టుకుంటే కార్నర్, చివరి 5 సెకన్లు రిఫరీ చేయెత్తి లెక్కపెడతాడు. ప్రతి సగంలో 22వ నిమిషం దగ్గర 3 నిమిషాల నీళ్ల విరామం, వాతావరణం ఎలా ఉన్నా.

#23 | కర్నూలు_కార్నర్

అయితే ఒక పని చేద్దాం. టోర్నీలో చెక్ పడిన ప్రతిసారీ ఇక్కడ ఒకే వరుసలో రాయండి: మ్యాచ్, నిమిషం, దేనిమీద (గోల్, పెనాల్టీ, రెడ్, కార్నర్), మైదానంలో మొదటి నిర్ణయం, చివరి నిర్ణయం, బంతి ఆగినప్పటి నుంచి ఫలితం చెప్పేదాకా ఎన్ని సెకన్లు, రిఫరీ స్క్రీన్ దగ్గరికి వెళ్లాడా లేదా. ఆఫ్‌సైడ్ అయితే యానిమేషన్‌లో గీతకు తగిలిన శరీర భాగం కూడా. బూటు కొనా, మోకాలా, భుజమా అని.

#24 | విశాఖ_వింగర్

పాదం, మొండెం విడివిడిగా లెక్కపెడితే #4లో నా అనుమానం నిజమో కాదో కొంతైనా తెలుస్తుంది. అర్ధరాత్రి 12:30 మ్యాచ్‌లు నేను రాస్తాను. 3:30వి ఎవరు?

#25 | గచ్చిబౌలి_స్టాండ్స్

3:30వి నాకు రాయున్రి. పొద్దున 6:30వి బెజవాడ తీసుకుంటే మంచిది.